నంపైలో (పైథాన్ లెక్కల లైబ్రరీ) లూప్ తీసేస్తే ల్యాప్‌టాప్ హ్యాంగ్ అవుతోంది, ఎందుకు?

ప్రశ్న:
హాయ్ అండీ. నా దగ్గర 10,000 పాయింట్లున్నాయి, ఒక్కోదానికి ఎక్స్, వై మీటర్లలో. ప్రతిదానికీ బాగా దగ్గరున్న ఇంకో పాయింట్ ఏదో కావాలి. ఫర్ లూప్ లోపల ఇంకో ఫర్ లూప్ పెడితే 10 కోట్ల సార్లు తిరగాలి, టీ తాగొచ్చినా అవ్వట్లేదు. ఎవరో నంపైలోని ఎన్‌పీ డాట్ వెక్టరైజ్ ఫంక్షన్ వాడమంటే వాడా, పెద్ద తేడా లేదు. సరే అని బ్రాడ్‌కాస్టింగ్‌తో (అన్ని జతల లెక్కా నంపైయే ఒకేసారి చేసే పద్ధతి) ఒకే లైన్లో రాస్తే ఇంకా దారుణం, 4 జీబీ ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది. లూప్ లేకపోతే ఫాస్ట్ అంటారు కదా, మరి ఇదేంటి?

జవాబు 1:
వెక్టరైజ్ అనే పేరు చూసి మోసపోకండి. అది లోపల మీ పైథాన్ ఫంక్షన్‌నే ఒక్కో ఎలిమెంట్‌కీ పిలుస్తుంది, సౌకర్యానికే గానీ స్పీడ్‌కి కాదని నంపై డాక్యుమెంటేషన్‌లోనే ఉంది. అర్రే (నంబర్ల పట్టిక) మొత్తం మీద తీసివేత చేయిస్తే ఆ తిరగడం సీ భాషలో రాసిన కోడ్‌లో జరుగుతుంది, ప్రతి నంబర్‌కీ టైప్ చూసుకుని కొత్త ఆబ్జెక్ట్ పుట్టించే గొడవ ఉండదు, స్పీడంతా అక్కడే.

జవాబు 2:
హ్యాంగ్ సంగతి లెక్కేద్దాం. ప్రతి జతకీ ఎక్స్, వై తేడాల అర్రే 10,000 × 10,000 × 2, ఒక్కో నంబర్ (ఫ్లోట్64 టైప్) 8 బైట్లు, అంటే 1.6 జీబీ, దాన్ని స్క్వేర్ చేస్తే అంతే సైజులో ఇంకోటి, ఇక 4 జీబీలో ఏం మిగుల్తుంది చెప్పండి. బయటి లూప్ ఉంచేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. 500 వరసలు తీసుకుని మొత్తం 10,000తో ఒకేసారి లెక్కేస్తే తేడాలకి 80 ఎంబీ చాలు, లూప్ 20 సార్లే తిరుగుతుంది. స్క్వేర్ రూట్ కూడా దండగ, చిన్నది ఏదో తెలిస్తే సరిపోతుందిగా. కాకపోతే ప్రతి పాయింట్‌కీ తనతో తనకి దూరం సున్నా, ఆ గడుల్లో ఇన్ఫినిటీ పెట్టాకే ఆర్గ్‌మిన్ (అతి చిన్న విలువ ఏ స్థానంలో ఉందో) తియ్యాలి. రెండో 500 వరసల ముక్కలో ఆ గడులు 500వ కాలమ్ నుంచి మొదలవుతాయి, అది మర్చిపోతే రెండో ముక్క నుంచి ప్రతి పాయింట్‌కీ తానే పొరుగు అని వస్తుంది.

జవాబు 3:
దగ్గరిది ఒక్కటే కావాలంటే ఇన్ని దూరాలు లెక్కెయ్యడం ఎందుకు బ్రో? సైపై అనే ఇంకో పైథాన్ లైబ్రరీలో సీకేడీట్రీ ఉంది, పాయింట్లని చోటుని బట్టి విడగొట్టి పెట్టుకుని దగ్గరివి త్వరగా వెతుకుతుంది. ట్రీ కట్టి క్వెరీలో కే=2 (దగ్గరివి రెండు కావాలని) ఇవ్వు. రెండు డైమెన్షన్లే కాబట్టి చిటికెలో అయిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ట్రీతో వచ్చేసింది, థ్యాంక్స్ అన్నా. కే=2 ఎందుకు, 1 ఇస్తే చాలదా?

జవాబు 3:
1 ఇస్తే అదే పాయింట్ తిరిగొస్తుంది, దూరం సున్నాతో. రెండో కాలమ్ తీస్కో. డేటాలో ఒకే చోట రెండు పాయింట్లుంటే మాత్రం మొదటి కాలమ్‌లో వచ్చేది నీదే అని గ్యారంటీ లేదు, ముందు డూప్లికేట్లు చూస్కో.