అరువు ఖాతాలు ఫోనులోకి ఎక్కించాలా? ఇంట్లో రోజూ ఇదే గొడవ

పల్నాడు కుర్రాడు:
మాది నరసరావుపేట దగ్గర ఊళ్లో కిరాణా కొట్టు. అరువు ఖాతాలు 140 దాకా ఉంటాయి. నాన్న లాంగ్ నోట్‌బుక్కులో రాస్తారు, మనిషికో పేజీ. పేజీ నిండితే ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడికి పోయి రాస్తారు, పాత పేజీ కింద మాత్రం "వెనక చూడుము" అని ఉంటుంది. ఎంత వెనకో ఉండదు. మొన్న ఆయన జ్వరంతో వారం పడుకుంటే నేను కూర్చున్నాను. ఒకాయన వచ్చి "నాదెంతయిందిరా" అన్నాడు. పేరు వెంకటేశ్వర్లు. పుస్తకంలో వెంకటేశ్వర్లు అయిదుగురు: రేకుల షెడ్డు, బర్రెల, కరెంటు, కొత్తిల్లు, అయిదోది "వెంకటేశ్వర్లు (మనవాడు)". ముప్పావుగంట వెతికాను, ఆయన బయట బల్ల మీద కూర్చుని చూస్తూనే ఉన్నాడు. ఫోనులోకి ఎక్కిద్దామంటే నాన్న వినరు. ఎలా మొదలుపెట్టాలి?

చీరల కొట్టు రాణి:
ఫోన్ నంబరే ఖాతా నంబరు అనుకో, పేరు దాని తర్వాత. వెంకటేశ్వర్లు యాభై మంది ఉన్నా గొడవ లేదు. యాప్ వద్దంటే ఎక్సెల్ చాలు, మేం సూర్యాపేటలో అదే వాడుతున్నాం. తేదీ, నంబరు, పేరు, ఏం తీసుకున్నారు, ఎంత, ఎంత కట్టారు. ఒక వరసలో ఒకే లావాదేవీ. మనిషికో షీటు మాత్రం తెరవొద్దు, నేను మొదటి ఏడాది ఆ తప్పు చేసి 90 షీట్లతో ఏడ్చాను. బాకీ ఎంతన్నది చేత్తో కొట్టకు, దానంతటది కూడుకోవాలి.

ఆవర్జా మాస్టారు:
అమ్మా, ఇది కొత్తేమీ కాదు. రోజువారీ రాసేది చిట్టా, అందులోంచి మనిషివారీ ఎక్కించేది ఆవర్జా. గుంటూరులో మిర్చి కమీషన్ కొట్లో 31 ఏళ్లు గుమాస్తాగా చేశాను, ఏ రైతు లెక్క అడిగినా నిమిషం పట్టేది కాదు. ఈ కుర్రాడి నాన్నగారి తప్పు పుస్తకం వాడటం కాదు, చిట్టా లేకుండా నేరుగా ఆవర్జా రాసేయడం. పేజీలకు నంబర్లు వేసి, ముందు నాలుగు పేజీలు అక్షరాల వరసలో పేర్లకి వదిలితే సరిపోయేది. ఇక ఫోన్ నంబరు అంటావా, పల్లెల్లో ఒక ఫోను ఇంట్లో ముగ్గురు వాడతారు, ఆఫర్ బాగుందని సిమ్ము మార్చేస్తారు. నంబరు మనిషి కాదమ్మా.

మెడికల్ షాపు మూర్తి:
వెంకటేశ్వర్లు (మనవాడు). పొద్దున్నుంచీ నవ్వుతూనే ఉన్నా.

చీరల కొట్టు రాణి:
నంబరు మారితే మార్చుకుంటాం, అదో పనా? "బర్రెల వెంకటేశ్వర్లు" రేపు బర్రెలు అమ్మేస్తే మీరేం చేస్తారు?

ఆవర్జా మాస్టారు:
అమ్మేసినా ఊళ్లో అతన్ని బర్రెల వెంకటేశ్వర్లనే అంటారు. నీకు పల్లెటూరు తెలియదు.

ఊరికే చదువుతా:
2023లో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా కొనేవాళ్లని ఫోన్ నంబరు ఇవ్వమని పట్టుబట్టొద్దని కొట్లవాళ్లకి చెప్పింది కదా.

చీరల కొట్టు రాణి:
అది డబ్బిచ్చి కొనేవాళ్ల సంగతి. నా సరుకు అరువు తీసుకెళ్తూ నంబరు ఇవ్వననేవాడికి నేనెందుకు ఇవ్వాలి?

కోర్టు గుమ్మం:
రుజువు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి చెబుతున్నా. మీ లెక్కల పుస్తకం ఒక్కటే చూపించి ఫలానావాడు బాకీ అని కోర్టులో తేల్చలేరు. పాత సాక్ష్య చట్టంలో 34వ సెక్షన్ ఇదే చెప్పేది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ అదే మాట ఉంది. కంప్యూటర్ లెక్కలకీ అంతే. సరుకు అరువిచ్చిన బాకీకి మామూలుగా మూడేళ్లలోపు దావా వేయాలి. ఆ గడువు లోపే బాకీ ఉన్నట్టు రాసి సంతకం పెడితే అక్కణ్నుంచి మళ్లీ మూడేళ్లు. కాబట్టి ఏడాదికోసారి పేజీ కింద సంతకం పెట్టించుకోండి.

మెడికల్ షాపు మూర్తి:
1,400 రూపాయల కందిపప్పుకి దావా వేస్తే వకీలు ఫీజు ఎవరి ఖాతాలో రాయాలి సార్?

ఆవర్జా మాస్టారు:
సంతకం సంగతి ఆయన బాగా చెప్పారు. ఎక్సెల్ మీద సంతకం ఎలా పెట్టిస్తావమ్మా?

చీరల కొట్టు రాణి:
మాస్టారూ, మీరు మళ్లీ మళ్లీ అదే పట్టుకున్నారు కాబట్టి చెబుతున్నా. మా మామగారు కూడా మీలాగే, ఎవర్నీ పుస్తకం ముట్టుకోనిచ్చేవారు కాదు. కరోనా రెండో విడతలో పోయారు. పన్నెండో రోజు అయ్యాక పుస్తకం తీస్తే సగం పేర్లు పొడి అక్షరాలు, కొన్నిచోట్ల అంకె పక్కన చిన్న సున్నా, దానర్థం కట్టాడనో కట్టలేదనో ఇంట్లో ఎవరికీ తెలియదు. 2 లక్షల పైన రావాలి. గుమ్మం గుమ్మం తిరిగాను. "ఇచ్చేశానమ్మా, ఆయనకి తెలుసు" అన్నారు. చచ్చిపోయినాయన్ని ఎలా అడగను? లెక్క తలలో పెట్టుకుని మీరు వెళ్లిపోతారు, తిరిగేది మేము.

ఆవర్జా మాస్టారు:
నువ్వన్నది కాదనను. నా మాట కూడా విను. మా చిన్నమ్మాయి వాళ్ల ఊళ్లో ఒక కొట్లో స్టీలు సామాను అరువు తీసుకుని నెలకి కొంచెం కొంచెం కడుతోంది, ఇంట్లో చెప్పలేదు. ఆ కొట్టతను ఖాతా ఫోనులో పెట్టి ఇంటి నంబరు ఎక్కించాడు. అది అల్లుడి నంబరు. ఒకరోజు పొద్దున్నే "మీ బాకీ 6,850, వెంటనే చెల్లించగలరు" అని మెసేజ్ వచ్చింది. అమ్మాయి నెల రోజులు మా ఇంట్లోనే ఉంది. కొట్టతన్ని అడిగితే "నేను పంపలేదండీ, అదే పంపింది" అన్నాడు. పుస్తకం ఎవరికీ మెసేజ్ పంపదు.

ఊరికే చదువుతా:
అయ్యో.

చీరల కొట్టు రాణి:
అది ముందే చెప్పొచ్చు కదండీ, నంబరు నంబరు అని రెండు రోజులు నాతో పోట్లాడారు. మెసేజ్ ఆపేసుకోవచ్చు. నేను ఒక్క మెసేజ్ కూడా పంపను. నాకు కావలసిందల్లా నేను లేని రోజున ఇంట్లోవాళ్లకి లెక్క అర్థం కావడం.

ఆవర్జా మాస్టారు:
ఇంట్లోవాళ్లకి అర్థం కావాలి, ఊరికి కనపడకూడదు. అలాంటిది ఉంటే చూపించు, నేనే నేర్చుకుంటా.

పల్నాడు కుర్రాడు:
రాత్రి భోజనాలయ్యాక ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. మాస్టారి అమ్మాయి సంగతి దగ్గర "చూశావా" అన్నారు, రాణిగారి మామగారి సంగతి దగ్గర ఏమీ అనలేదు. తర్వాత పుస్తకం తెచ్చి చూపించారు. 11 పేజీలు నిలువుగా సగానికి మడిచి ఉన్నాయి. ఇన్నాళ్లూ నలిగిపోయాయనుకున్నా. అవి ఆయన అడగని ఖాతాలట. ఒకాయన పోయాడు, ఇద్దరికి రెండేళ్లుగా పత్తి పోయింది, ఒకావిడ మొగుడు వదిలేశాడు. వాళ్లంతట వాళ్లు తెస్తే తీసుకుంటారు, మడత మాత్రం విప్పరు. "ఫోనులో మడత ఎలా పెడతావురా" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. మా దగ్గర అందరూ పత్తో మిర్చో అమ్మాకే కడతారు, నెలనెలా గుర్తుచేసే యాప్ ఎలాగూ పనికిరాదు.

చీరల కొట్టు రాణి:
ఇంకో గడి పెట్టు తమ్ముడూ. "అడగొద్దు" అని. అవి వేరే రంగులో ఉంచు.

ఆవర్జా మాస్టారు:
ఆ గడి పేరు "అడగొద్దు" అని పెట్టకు. కొట్లో కూర్చున్నవాడెవడైనా చూస్తాడు. "మ" అని పెట్టు చాలు.

చీరల కొట్టు రాణి:
మళ్లీ పొడి అక్షరమా మాస్టారూ!

మెడికల్ షాపు మూర్తి:
అవన్నీ సరే, బల్ల మీద కూర్చున్న వెంకటేశ్వర్లు లెక్క ఎంత తేలింది?

పల్నాడు కుర్రాడు:
2,180 అని చెప్పాను, అక్కడికక్కడే కట్టేసి వెళ్లాడు. నాన్న చూసి చెప్పారు, అది బర్రెల ఆయన పేజీ అట. వచ్చినాయన కరెంటు వెంకటేశ్వర్లు, ఆయన బాకీ 640.