ఎండిన బోర్లు ఏ లెక్కలో ఉన్నాయి? దక్షిణాది భూగర్భ జలాల పరిశోధనలపై చర్చ

మత్తడిగట్టు:

ఈ చర్చను రెండు పరిశోధన పత్రాలతో మొదలుపెడుతున్నాను. మొదటిది 2017లో నేచర్ జియోసైన్స్ పత్రికలో వెలువడింది. గాంధీనగర్ ఐఐటీకి చెందిన ఆకర్ష్ అశోక, విమల్ మిశ్రా, వారి సహ పరిశోధకులు నీటి బరువులో మార్పును ఆకాశం నుంచి కొలిచే గ్రేస్ ఉపగ్రహాలు 2002 నుంచి 2013 వరకు పంపిన సమాచారాన్నీ బావుల్లో తీసిన కొలతలనూ కలిపి పరిశీలించారు. ఉత్తర భారతంలో భూగర్భ జల నిల్వ ఏటా సుమారు 2 సెంటీమీటర్ల చొప్పున తగ్గుతుంటే, దక్షిణ భారతంలో 1 నుంచి 2 సెంటీమీటర్ల చొప్పున పెరిగిందని తేల్చారు.

రెండోది 2019లో జియోఫిజికల్ రీసెర్చ్ లెటర్స్‌లో తేజస్వి హోరా, వీణా శ్రీనివాసన్, నందితా బసు ప్రచురించినది. దక్షిణాదిలో నీటిమట్టాలు పెరిగినట్టు లెక్కలు చెబుతుంటే రైతులు మాత్రం బావులు ఎండిపోతున్నాయని ఎందుకు అంటున్నారన్నది వారి ప్రశ్న. బావి ఎండితే ఆ తడవ కొలత ఉండదు. కొలతలు ఎక్కువగా లోపించిన బావులను విశ్లేషణకు ముందే పక్కన పెట్టడం పరిశోధకులకు అలవాటు. ఆ విధంగా అన్నింటికంటే దెబ్బతిన్న బావులే లెక్కలోంచి జారిపోయి, నీళ్లు నిలిచిన బావుల సగటే ప్రాంతం మొత్తానికి సగటుగా కనబడుతున్నదని వారు చూపించారు.

ఇది చదివినప్పటి నుంచి మా ఊళ్లో రాయి కప్పి వదిలేసిన బోర్లను మనసులో లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను. మీలో నీటిమట్టాలు కొలిచిన వారు, బోర్లు వేసి నష్టపోయిన వారు, ఈ రంగంలో చదువుకుంటున్న వారు ఉంటే దయచేసి రాయండి. ఎండిన బోరును ఎవరైనా, ఎప్పుడైనా, ఎక్కడైనా నమోదు చేశారా అన్నది నేను ముఖ్యంగా తెలుసుకోదలచిన విషయం.

పక్షానికొకసారి:

మాది ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతం. భూగర్భ జలాలను రైతులే కొలిచి, రైతులే లెక్కగట్టుకోవాలన్న ఉద్దేశంతో ఉమ్మడి రాష్ట్రంలోని 7 జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఒక కార్యక్రమం నడిచింది. ఏపీఫామ్స్ అంటే ఆ జిల్లాల వారికి ఇప్పటికీ గుర్తుండవచ్చు. అందులో నేను కొన్నేళ్లు స్వచ్ఛందంగా కొలతలు తీశాను. పదిహేను రోజులకొకసారి మాకు కేటాయించిన బోర్ల వద్దకు వెళ్లి, కేసింగ్ (బోరు గోడ కూలకుండా దించే గొట్టం) మీది మూత తీసి, టేపు కొసను లోపలికి దించేవాళ్లం. కొస నీటిని తాకగానే పైన చిన్న శబ్దం వస్తుంది. అప్పుడు టేపు మీద గోరు పెట్టి పట్టుకుని మీటర్లు, సెంటీమీటర్లు చదివి రిజిస్టరులో రాసుకోవాలి. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, కురిసిన వాన, ఇంకిన నీరు, వేయదలచిన పంటలకు పట్టే నీరు లెక్క వేసేవాళ్లం. వరి తగ్గించి శనగ వేయాలని ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు. ఎదుట గోడ మీద లెక్క కనబడుతుంటే ఎవరికి వారే నిర్ణయించుకున్నారు.

మీరడిగిన విషయానికి వస్తాను. ఒక ఎండాకాలం నేను కొలిచే ఒక బోరులో టేపు చివరి వరకు దిగినా శబ్దం రాలేదు. రిజిస్టరులో అంకె రాయవలసిన గడిలో ‘తడి తగలలేదు’ అని రాశాను. కొన్ని నెలల తరువాత అదే కాగితాన్ని కంప్యూటరులోకి ఎక్కించిన పట్టిక చూస్తే ఆ గడి ఖాళీగా ఉంది. అక్షరాలు ఎక్కించడానికి అక్కడ వీలు లేదన్నారు. తప్పు ఎక్కించిన వారిది కాదు, గడి అంకెను మాత్రమే అడిగింది. అయితే ఆ ఖాళీ గడికి, నేను అనారోగ్యంతో కొలతకు వెళ్లని రోజున మిగిలిన ఖాళీ గడికి పట్టికలో తేడా లేకుండా పోయింది. మత్తడిగట్టు గారు చెప్పిన 2019 పత్రం సారాంశం చదవగానే నాకు ముందుగా గుర్తొచ్చింది ఆ గడే.

రాతిపొర:

నేను జలభూగర్భ శాస్త్రంలో పరిశోధన విద్యార్థిని. మన నేలలో ఈ సమస్య ఎందుకు మరింత చిక్కుగా ఉంటుందో చెప్పే ప్రయత్నం చేస్తాను.

తెలంగాణలో ఎక్కువ భాగం, రాయలసీమలో చాలా భాగం గ్రానైటు, దానికి సంబంధించిన గట్టి రాళ్ల మీద ఉంది. పైన మట్టి, దాని కింద చివికిన మెత్తని రాయి, ఆ కింద పగుళ్లున్న రాయి, ఇంకా కిందికి పోయేకొద్దీ దాదాపు పగుళ్లే లేని బండ. నీళ్లుండేది పై పొరల్లోనే. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో 1999లో ఏర్పడిన భారత-ఫ్రెంచి భూగర్భ జల పరిశోధన కేంద్రం వారు రంగారెడ్డి జిల్లా మహేశ్వరం వద్ద సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. అక్కడి రాతిపొర వంద పాళ్లలో సుమారు 1.4 పాళ్లు మాత్రమే తోడుకోదగిన నీటిని పట్టి ఉంచుతుందని వారి లెక్క. దీని అర్థం ఒక ఉదాహరణతో చూద్దాం. వానలో 70 మిల్లీమీటర్లు నేలలోకి ఇంకిందనుకుంటే, అటువంటి రాతిలో నీటిమట్టం 5 మీటర్లు పైకి లేస్తుంది. అదే 70 మిల్లీమీటర్లు వందకు 20 పాళ్లు నీరు పట్టే ఇసుకపొరలో ఇంకితే మట్టం 35 సెంటీమీటర్లకు మించి లేవదు. కనుక మన దగ్గర ఒక మంచి వానాకాలం తరువాత ‘నీళ్లు 5 మీటర్లు పైకొచ్చాయి’ అన్న వార్త నిజమే అయినా, ఆ 5 మీటర్లలో ఉన్న నీరు చాలా కొద్దిది. మార్చి నాటికి అది మళ్లీ దిగిపోతే ఆశ్చర్యపడవలసిన పని లేదు.

ఇంకొక సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. చౌటుప్పల్ వద్ద ఆ కేంద్రం వారికే ఒక ప్రయోగ క్షేత్రం ఉంది. అక్కడి పరిశీలనలతో 2014లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, నీటిమట్టం పైపొరల్లో ఉన్నంత కాలం భూగర్భ జలం ఒకే చెరువులా విశాలంగా కలిసి ఉంటుంది. మట్టం పగుళ్ల పొరలోకి దిగిపోయాక ఆ కలయిక తెగి, చిన్న చిన్న గదులుగా విడిపోతుంది. ఒక గదిలో నీరున్నా పక్క గదికి అందదు. అటువంటి చోట పరిశీలన కోసం వేసిన బావి నిండిన గదిలో ఉంటే, చుట్టూ ఉన్న ఎండిన గదుల సంగతి దానికి తెలిసే అవకాశమే లేదు.

మూడుబోర్లు:

రాతిపొర గారూ, మీరు రాసిన గదుల మాట చదివి నేను చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. మాది జనగామ వైపు. 2015లో ఎండలు ముదిరినప్పుడు మా బోరు ఆగిపోయింది. గట్టుకు అవతల మా పెద్దనాన్న గారి బోరు రెండించుల నీరు పోస్తూనే ఉంది. మధ్య దూరం నలభై అడుగులకు మించదు. పెద్దనాన్న గారు దొంగచాటుగా ఎక్కువ లోతు వేయించారని మా ఇంట్లో అనుకున్నారు. ఆ అనుమానం వల్ల రెండేళ్లు మాటలు లేవు. తరువాత ఆయన మోటారు పైకి తీసినప్పుడు పైపులు లెక్కపెడితే మా బోరు కంటే ఆయనదే తక్కువ లోతు. కారణం నేల అడుగున ఉందని ఆ రోజు మాకు చెప్పినవారు లేరు.

నేను వేయించినవి మొత్తం మూడు బోర్లు. ఒకటి 180 అడుగులు, రెండోది 320, మూడోది 450. మూడింటిలో ఈ రోజు నీళ్లు పోస్తున్నది మొదటి బోరే. చెరువులో పూడిక తీసి, కాలువ నీళ్లు చెరువుకు చేరి, మత్తడి దూకిన తరువాత అది మళ్లీ లేచింది. కోలుకోవడమంతా అబద్ధమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా వాడకట్టులో నీళ్లు నిజంగానే పెరిగాయి. అయితే 450 అడుగుల బోరు ఈ రోజుకీ తడి ఎరుగదు.

చీనీతోట:

మాది అనంతపురం జిల్లా. మూడుబోర్లు అన్న వైపు చెరువులకు కాలువ నీళ్లు అందాయి, మా వైపు అందలేదు కాబట్టి మా అనుభవం వేరుగా ఉంది. వరి ఎండితే ఒక పంట పోతుంది. చీనీ (బత్తాయి) చెట్టు ఎండితే నాటిన నాటి నుంచి పెంచిన ఏళ్లన్నీ పోతాయి. అందుకే ఇక్కడి రైతు బోరు ఆగిపోగానే ఇంకొకటి వేస్తాడు, అది పడకపోతే ట్యాంకరుతో చెట్టు చెట్టుకూ నీళ్లు పోయిస్తాడు.

బోరు బండి రాత్రి పూట వచ్చేది. మా అమ్మ, నేను తోట గట్టున నిలబడి ఆ శబ్దం వినేవాళ్లం. గొట్టం నుంచి తెల్లని దుమ్ము లేస్తున్నంత సేపు ఎవరూ మాట్లాడేవారు కాదు. దుమ్ము నల్లబడి, ముద్దగా మారితే తడి తగిలిందని గుర్తు. ఆ రాత్రి దుమ్ము చివరి వరకు తెల్లగానే ఉంది. అడుగుకింత చొప్పున లెక్క కట్టి తెల్లవారి డబ్బు చెల్లించారు. ఆ డబ్బు అమ్మ గాజులు కుదువ పెట్టి తెచ్చినది. ఆ బోరుకు కేసింగ్ కూడా వేయలేదు కాబట్టి అది బోరుగా ఎక్కడా లెక్కలోకి రాలేదు. పరిశీలక బావి ఎండినప్పుడు కనీసం ఒక ఖాళీ గడి మిగులుతుంది. మాలాంటి వారి బోర్లకు గడే లేదు.

ఆకాశం నుంచి:

బావుల లెక్కలో లోపముంటే ఉపగ్రహాలను నమ్మవచ్చు కదా అని కొందరికి అనిపించవచ్చు. నేను ఆ సమాచారంతో పని చేస్తాను. 2002లో ప్రయోగించిన గ్రేస్‌లో రెండు ఉపగ్రహాలు సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి తిరిగాయి. కింద ద్రవ్యరాశి ఎక్కువగా ఉన్న చోట ముందుదాన్ని భూమి కొంచెం లాగుతుంది, ఎడం మారుతుంది. ఆ మార్పును కొలిచి నేల మీదా నేల కిందా ఉన్న నీటి బరువు ఎంత మారిందో లెక్కిస్తారు. 2017లో వాటి పని ముగిసింది. 2018 నుంచి గ్రేస్ ఫాలో ఆన్ జంట ఆ పని చేస్తున్నది. ఉత్తరాదిలో దీని విలువ ఎంతో గొప్పది. రాజస్థాన్, పంజాబ్, హరియాణాలలో 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు వరకు 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం తరిగిపోయిందని 2009లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం దీనితోనే చెప్పగలిగింది.

మన విషయంలో రెండు జాగ్రత్తలు అవసరం. ఈ ఉపగ్రహాలు వందల కిలోమీటర్ల విస్తీర్ణాన్ని ఒకే ముద్దగా చూస్తాయి, మండలం కాదు గదా జిల్లాను కూడా విడదీయలేవు. పైగా ఆ సమాచారం 2002లో, అంటే దేశం తీవ్ర కరవులో ఉన్న ఏడాదిలో మొదలవుతుంది. అడుగంటిన చోటి నుంచి గీత గీయడం మొదలుపెడితే, తరువాత వచ్చిన మామూలు వానలు కూడా ఆ గీతను పైకే లాగుతాయి. 2017 పత్రాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఉత్తరాది తగ్గుదలకు తోడకంతో పాటు హిందూ మహాసముద్రం వేడెక్కడంతో ముడిపడిన వర్షాల తగ్గుదల కూడా కారణమని చూపిన విలువైన పని అది. దక్షిణాది పెరుగుదలను మాత్రం ఆ కాలపరిమితిలోనే చదవాలి.

మత్తడిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. మూడుబోర్లు గారి మాటకు బలమిచ్చే పరిశోధన కూడా ఉంది. 2024 జనవరిలో నేచర్‌లో వచ్చిన అధ్యయనంలో 40కి పైగా దేశాల్లోని సుమారు 1,70,000 బావుల కొలతలను, 1,693 జలాశ్రయ పొరలను (నేల కింద నీరు నిలిచి ఉండే పొరలను) పరిశీలించారు. గత నాలుగు దశాబ్దాల్లో 30 శాతం పొరల్లో తగ్గుదల వేగం పుంజుకున్నదని చెబుతూనే, విధానాలు మార్చుకోవడం వల్లనో బయటి నుంచి నీరు తెచ్చి ఇంకించడం వల్లనో కోలుకున్న చోట్లను కూడా వారు గుర్తించారు. అందువల్ల మన ప్రశ్న ‘పెరిగిందా, తగ్గిందా’ అన్న ఒక్క మాటతో తీరదు. ఎక్కడ, ఎవరి బావిలో, ఏ లోతులో అన్నది అడగాలి. ఇదంతా తొందరగా అడగవలసిన అవసరమూ ఉంది. ఎండలు పెరిగేకొద్దీ రైతులు మరింతగా తోడవలసి వచ్చి, మన దేశంలో 2041 నుంచి 2080 మధ్య భూగర్భ జలాల తరుగుదల వేగం ఇప్పటికంటే మూడు రెట్లు కావచ్చని 2023లో సైన్స్ అడ్వాన్సెస్‌లో వచ్చిన పత్రం అంచనా వేసింది.

వీలున్న ప్రతి ఒక్కరూ తమ పొలంలోని ఎండిన బోర్లను ఇక్కడ నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను. వేసిన ఏడాది, లోతు, ఎండిన ఏడాది, తిరిగి నీరు వచ్చిందా లేదా. కేసింగ్ లేని బోర్లను కూడా రాయండి, చీనీతోట గారూ, ముఖ్యంగా మీరు. గడి ఖాళీగా వదలకండి. నీరు లేకపోతే ‘ఎండినది’ అనీ, కొలవకపోతే ‘కొలవలేదు’ అనీ వేరువేరుగా రాయండి.

చీనీతోట:

నాన్న గారిని అడిగి రాస్తున్నాను. మొదటిది 1998, 210 అడుగులు, 2003లో ఎండినది, తిరిగి రాలేదు. రెండోది 2004, 400 అడుగులు, 2012లో ఎండినది, తిరిగి రాలేదు. మూడోది 2012, 620 అడుగులు, కేసింగ్ లేదు, మొదటి రోజు నుంచి ఎండినది. నాలుగోది ఎక్కడ వేశారో నాన్న గారికి గుర్తుంది గానీ లోతు గుర్తు లేదు. రేపు అక్కడికి తాడు, రాయి తీసుకుని వెళ్తున్నాం.