వానలో రేజర్ క్లామ్స్ తవ్వడం: గన్నా, పారా?

వేళచ్చేరి_వాసి:
నవంబర్‌లో సియాటిల్‌లో అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం. ఓషన్ షోర్స్ బీచ్‌లో రేజర్ క్లామ్స్, అంటే ఇసుకలో దాక్కునే పొడవాటి గుల్లలు, తవ్వడానికి తీసుకెళ్తానంటోంది. వాన తప్పదట. పార తెలుసు గానీ క్లామ్ గన్ ఎప్పుడూ పట్టలేదు. ఏది మేలు? నాకూ మావారికీ కలిపి ఒక సంచి చాలా? చెన్నైలో కొనాల్సినవి ఏమైనా ఉన్నాయా?

ఇసుకగుంట:
కొత్తవాళ్ళకి గన్నే మేలండీ. గన్ అంటే తుపాకీ కాదు, పైన పిడీ, పిడి దగ్గర చిన్న గాలి రంధ్రమూ ఉన్న నాలుగంగుళాల గొట్టం. లోపల క్లామ్ ఉన్నచోట ఇసుక మీద చిన్న గుంట పడుతుంది, అదే గుర్తు. ఆ గుంట గొట్టం మధ్యకి వచ్చేలా పెట్టి, అటూ ఇటూ తిప్పుతూ ఆరు నుంచి పదంగుళాలు దించాలి. రంధ్రాన్ని బొటనవేలితో మూసి పైకి లాగితే ఇసుక గొట్టంలోనే నిలుస్తుంది. వేలు తీస్తే జారిపోతుంది. ఆ ఇసుకలో క్లామ్ లేకపోతే అదే గుంటలో మళ్ళీ దించండి, లేదా చెయ్యి పెట్టి వెతకండి. ఆలస్యం పనికిరాదు, అది కాలితో ఇసుక తవ్వుకుంటూ నిలువునా కిందికి పోతుంది.

నడుం వంచి లాగకండి. వీపు నిటారుగా ఉంచి, మోకాళ్ళ బలంతో లేవండి. తడి ఇసుక పట్టు మామూలుగా ఉండదు.

పారే కావాలంటే గుంటకి సముద్రం వైపు నాలుగు నుంచి ఆరంగుళాల దూరంలో నిలువుగా దించాలి. పక్కనుంచి వాలుగా పొడిస్తే చిప్ప పగులుతుంది. దాని అంచు బ్లేడులా ఉంటుంది, గ్లవ్స్ వేసుకోండి.

రూల్స్_రాంబాబు:
సంచి విషయంలో పొరపడకండి మేడం. వాషింగ్టన్ రాష్ట్రంలో ఎవరి క్లామ్స్ వారి సంచిలోనే ఉండాలి. ఒక్కొక్కరికి రోజుకి 15. చిన్నవైనా, పగిలినా మొదటి 15 లెక్కలోకి వస్తాయి. పగిలినదాన్ని పారేసి మంచిది వెతకడం కుదరదు. 15 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ లైసెన్స్ కావాలి, మూడు రోజులదీ దొరుకుతుంది.

టికెట్లు బుక్ చేశాక తేదీల మీద ఆశ పెట్టుకోకండి. క్లామ్స్‌లో చేరే డోమోయిక్ యాసిడ్ అనే విషానికి పరీక్షలు అయ్యాకే ఆ రాష్ట్ర మత్స్య, వన్యప్రాణి శాఖ తవ్వకానికి అనుమతిస్తుంది. ఆ విషం వండినా పోదు, ఫ్రీజ్ చేసినా పోదు.

వేళచ్చేరి_వాసి:
థాంక్సండీ. వాన చినుకులకి ఇసుకంతా గుంటలేగా, క్లామ్ గుంటని పోల్చడం ఎలా?

ఇసుకగుంట:
అసలు చిక్కు అదే. చినుకు గుంటలు లోతు లేకుండా, దగ్గరదగ్గరగా, అన్నీ ఒకేలా ఉంటాయి. క్లామ్ గుంట సుమారు రూపాయి బిళ్ళంత, ఒంటరిగా ఉంటుంది. అనుమానం వస్తే పక్కన పార పిడితో గట్టిగా తట్టండి. క్లామ్ మెడ లోపలికి లాక్కుంటే గుంట తెరుచుకుంటుంది, ఒక్కోసారి నీళ్ళు చిమ్ముతుంది. జడివానలో పొడి వైపు వదిలేసి, అల వెనక్కి వెళ్ళినచోట పలచటి నీటిలో చూడండి. మెడ కొన కొద్దిగా పైకి వచ్చి కనిపిస్తుంది. వాన కన్నా పెద్ద అలలే చేటు, ఆ రోజుల్లో గుర్తులే కనపడవు.

పోటు పూర్తిగా తగ్గే సమయానికి గంట, రెండు గంటల ముందే చేరండి. నవంబర్‌లో మంచి ఆటు మధ్యాహ్నం తర్వాత, చాలాసార్లు చీకటి పడ్డాక వస్తుంది. హెడ్‌ల్యాంప్ తప్పనిసరి. సముద్రానికి వీపు పెట్టి మాత్రం వంగొద్దు.

చెన్నైలో బండి మీద వేసుకునే రెయిన్ సూట్, అంటే ప్యాంటూ జాకెట్టూ సెట్, బాగా పనికొస్తుంది. ప్యాంటుని గమ్‌బూట్ల పైకి వదలండి. లోపల పెడితే వాననీరంతా బూట్లోకే. లోపల కాటన్ వద్దు, తడిస్తే చలి పట్టేస్తుంది.

కడంబా_ఫ్రై:
వంట గురించి ఎవరూ చెప్పలేదే! మరిగే నీళ్ళు పోసి చిప్ప తెరుచుకోగానే, పది సెకన్లలోపే, చల్లటి నీళ్ళలో వేసెయ్యండి. మెడ నల్లటి కొన, మొప్పలు, నల్లటి పేగు సంచి తీసెయ్యాలి. కాలిని చీల్చి ఇసుక కడగాలి. అల్లం వెల్లుల్లి, మిరియాలు ముందే వేయించుకుని, పెద్ద మంట మీద ఒక్కో వైపు నిమిషం చాలు. ఎక్కువైతే రబ్బరే. చెన్నై కాసిమేడు చేపల రేవులో కడంబా అని అడిగి స్క్విడ్ తెచ్చి ఇంట్లో ఒకసారి చేసి చూడండి, మంట లెక్క చేతికొస్తుంది.

గోంగూరలో ఉడికించడం మాత్రం నాకు నచ్చదు. క్లామ్ తీపి అంతా పోతుంది.