స్పిరిచువల్ డైరెక్టర్ అంటే ఎవరు? ఆ సేవలో ఉన్నవాళ్లు ఎవరైనా చెప్తారా?

హైదరాబాద్_విశ్వాసి:
అందరికీ వందనాలు. నాకు 29 ఏళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కొంతకాలంగా పూర్తికాల సేవకు వెళ్లాలన్న భారం ఉంది. మా పాస్టర్ గారు "ఇంకా ఆలస్యం దేనికి, రిజైన్ చేసెయ్" అంటున్నారు. అమ్మేమో చెల్లి పెళ్లయ్యేదాకా ఆ మాటే ఎత్తొద్దంటోంది. ఈమధ్య ప్రార్థనలో కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ ఉండట్లేదు. ఆఫీసులో ఒక క్యాథలిక్ ఫ్రెండ్ "స్పిరిచువల్ డైరెక్టర్‌ని కలువు" అన్నాడు. వాళ్లు కౌన్సెలర్లా, ప్రవచనం చెప్పేవాళ్లా? ఈ సేవలో ఉన్నవాళ్లుంటే మీరు ఇందులోకి ఎలా వచ్చారో కూడా చెప్పండి.

గుంటూరు_టీచర్:
బాబూ, వందనాలు. నేను ఈ సేవలో ఉన్నాను. అంటే ఒకరు తమ ప్రార్థనలో దేవుడితో జరుగుతున్నది చెప్పుకుంటే పక్కన కూర్చుని వినడం. పుట్టింది లూథరన్ కుటుంబంలో. 1842లో మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘం మాది. మా నాన్నగారు పల్లెలో ఉపదేశి. ఆదివారం బడి, క్రిస్మస్ కేరల్స్, కీర్తనలు, వీటి మధ్యే పెరిగాను. హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను.

మావారు గుండెపోటుతో పోయాక నాకు ప్రార్థన రాలేదు. సంఘంవాళ్లు వచ్చారు, పాడారు, ఓదార్చారు. "ఏడవకమ్మా, సాక్ష్యం పోతుంది" అన్నవాళ్లూ ఉన్నారు. వాళ్ల ప్రేమను నేను తప్పు పట్టను. కానీ లోపల నాకు దేవుడి మీద కోపం ఉంది, అది ఎవరితోనూ అనలేకపోయాను. మా స్కూల్లో క్యాథలిక్ టీచరు ఒకావిడ తన వెంట ఒక ధ్యాన కేంద్రానికి తీసుకెళ్లింది. అక్కడ ఒక పెద్ద సిస్టర్ గారు నా మాట అంతా విన్నారు. ఓదార్పు వచనం ఒక్కటీ చెప్పలేదు. "యోహాను 11 చదువమ్మా, ఎక్కడ మనసు ఆగితే అక్కడే కూర్చో" అన్నారు.

సహోదరుడు లాజరు చనిపోయాక యేసుతో మాట్లాడే మార్త దగ్గర ఆగాను. "ప్రభువా, నీవిక్కడ ఉండినయెడల నా సహోదరుడు చావకుండును." చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. ఆ రోజు మాత్రం అది నా నిష్ఠూరంలా వినిపించింది. ఆమె ఆ మాట ఆయన ముఖం మీదే అంది, ఆయన ఆమెను కసరలేదు. నేనూ అనేశాను. సాయంత్రం సిస్టర్ గారికి చెప్తే "ఆయన ఏమన్నాడు?" అని అడిగి ఊరుకున్నారు. నాకు ప్రార్థన తిరిగి మొదలైంది అక్కడే.

తర్వాత చాలాకాలం ఆమె దగ్గరికి నెలనెలా వెళ్లాను. ఈలోగా స్కూల్లో కొత్తగా చేరిన టీచర్లు, వీధిలో ఉండే నర్సమ్మాయి సాయంత్రాలు మా ఇంటికొచ్చి మాట్లాడుతూ ఉండిపోయేవాళ్లు. సిస్టర్ గారికి యథాలాపంగా ఈ సంగతి చెప్తే "వాళ్లు నీ దగ్గరికే ఎందుకు వస్తున్నారో ప్రార్థనలో అడిగావా?" అన్నారు. నాకు పిలుపు అలా వచ్చింది. దర్శనం లేదు, స్వరం లేదు. తర్వాత శిక్షణ తీసుకున్నాను. ఇప్పటికీ నాకూ ఒక డైరెక్టర్ ఉన్నారు. ఈ సేవ చేసేవాళ్లు తమ లోపలి సంగతులు ఇంకొకరి ముందు పెట్టకుండా ఉండకూడదని నా గట్టి నమ్మకం.

మా వరండాలో రెండు కుర్చీలు కొంచెం ఏటవాలుగా వేస్తాను, ఎదురెదురుగా వేయను. ఏడుపొస్తే వాళ్లు నా ముఖం చూడక్కర్లేదు, జామచెట్టు వైపు చూడొచ్చు. కాసేపు మౌనం. తర్వాత "ఈ నెలలో దేవుడు ఎక్కడ దగ్గరగా అనిపించాడు, ఎక్కడ దూరమయ్యాడు?" అని అడుగుతాను. నెలకో గంట. డబ్బు తీసుకోను, ప్రవచనం చెప్పను, విన్నది బయటికి పోదు. డిప్రెషన్‌లా అనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లమని అప్పుడే చెప్తాను, అది నా పని కాదు.

ఇక నీ సంగతి. జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి మంచాన పడ్డాడు. వీరుడిగా పేరు తెచ్చుకోవాలని పగటికలలు కనేవాడు, పరిశుద్ధుల్లా బతకాలనీ కలలు కనేవాడు. రెండూ ఆ కాసేపూ బాగానే ఉండేవి. కానీ మొదటివి అయిపోయాక మనసు ఎండిపోయేది, రెండోవి అయిపోయాక కూడా సంతోషం నిలిచేది. ఆ తేడాను కనిపెట్టడమే ఆయన నేర్పిన వివేచనకు మొదలు. నువ్వూ చూడు. సేవలో ఉన్నట్టు ఊహించుకున్నాక లోపల ఏం మిగులుతోంది? ఉద్యోగంలోనే ఉండి దేవుణ్ణి సేవిస్తున్నట్టు ఊహించుకున్నాక? ఆయన ఇంకో మాట కూడా రాశాడు. మనసు ఎండిపోయి చీకటి కమ్మినప్పుడు ఏ మార్పూ చేయకూడదు, అంతకుముందు నెమ్మదిలో తీసుకున్న తీర్మానం మీదే నిలబడాలి. నువ్వు ఇప్పుడు రాస్తున్నది అలా మనసు ఎండిపోయి ఉన్నప్పుడే. కాబట్టి ఇప్పుడే రిజైన్ చేయకు. పిలుపు లేదనీ తేల్చేసుకోకు.

కాకినాడ_బ్రదర్:
అమ్మా, మర్యాదగానే అడుగుతున్నాను. 1 తిమోతి 2:5 ప్రకారం దేవునికీ మనుషులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడే. బైబిలు ఉంది, పరిశుద్ధాత్ముడు ఉన్నాడు. మధ్యలో ఇంకో మనిషి ఎందుకు? ఇవి క్యాథలిక్ పద్ధతులు కదా.

గుంటూరు_టీచర్:
అడగాల్సిన ప్రశ్నే తమ్ముడూ. మధ్యలో దూరితే అది తప్పే. డైరెక్టర్ తక్కెడ ముల్లులా ఎటూ వంగకుండా ఉండాలనీ, సృష్టికర్తను తన బిడ్డతో నేరుగా వ్యవహరించనివ్వాలనీ ఇగ్నేషియసే రాశాడు. బాలుడు సమూయేలుని రాత్రి దేవుడు పిలిస్తే యాజకుడు ఏలీ చేసింది చూడండి. చూపు మందగించిన ముసలాయన. సమూయేలుకి దేవుడి మాట తాను చెప్పలేదు. "వెళ్లి పడుకో, మళ్లీ పిలిస్తే ఇలా పలుకు" అని గుడిలోకి తిరిగి పంపాడు. నేను చేసేదీ అంతే. పైగా మా లూథరే చిన్న సన్యాసిగా పాపభయంతో నలిగిపోతుంటే, వాళ్ల మఠాల పెద్ద స్టౌపిట్స్ క్రీస్తు గాయాల వైపు చూడమన్నాడు. లూథర్ ఆ మేలు మరిచిపోలేదు.

రాజమండ్రి_సోదరి:
మా బైబిల్ మిషన్ సంఘంలో, దాన్ని మొదలుపెట్టిన దేవదాసు అయ్యగారు నేర్పిన కనిపెట్టు ప్రార్థన ఉంది, దేవుని సన్నిధిలో మౌనంగా కూర్చోవడం. అది నాకు అలవాటే. కానీ కూర్చున్నాక లోపల జరిగింది చెప్పుకోడానికి మనిషి లేక చాలా ఇబ్బంది పడ్డాను. టీచరమ్మ గారు చెప్పింది చదివాక అడిగి వెతకాలనిపిస్తోంది.

హైదరాబాద్_విశ్వాసి:
ఆంటీ గారూ, చాలా థ్యాంక్సండి. రిజైన్ మెయిల్ డ్రాఫ్ట్‌లోనే ఉంచుతాను. మంచి డైరెక్టర్‌ని ఎలా గుర్తుపట్టాలి? అమ్మకి ఏం చెప్పాలి?

గుంటూరు_టీచర్:
జెస్యూట్ ఫాదర్లని గానీ, ధ్యాన కేంద్రాలు నడిపే సిస్టర్లని గానీ అడుగు, నీ సంఘం ఏదైనా పర్వాలేదు. మొదటిసారి ఊరికే మాట్లాడి చూడు. నీకంటే ఆయనే ఎక్కువ మాట్లాడినా, "దేవుడు నీ గురించి నాకు చెప్పాడు" అన్నా, కానుక అడిగినా, పాస్టర్‌తోనో అమ్మతోనో తెగతెంపులు చేసుకోమన్నా మళ్లీ వెళ్లకు.

అమ్మకి తీర్మానం చెప్పకు, అది ఇంకా నీ దగ్గర లేదు. ఆమె భయం ఏమిటో అడిగి పూర్తిగా విను. చెల్లి పెళ్లి ఖర్చేనా, నువ్వు దూరమైపోతావనా? అది తెలిశాక పాస్టర్ గారికి కూడా కొంత గడువు కావాలని చెప్పు.