గోలు పడితే అది ‘అవకాశం’ కాదా?

కూకట్‌పల్లి నుంచి:

అందరికీ నమస్కారం. ఫుట్‌బాల్ గొడవ అనుకుని దాటెయ్యకండి, నా చిక్కు మాటతోనే.

2021–22 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడిన మ్యాచ్‌లు మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకుని చూస్తున్నాను. కోవిడ్ వల్ల ఆ సీజన్ అంతా గోవాలోనే నడిచింది. సొంత మైదానం గచ్చిబౌలిలో ఒక్క ఆట కూడా ఆడకుండానే మనవాళ్ళు కప్పు కొట్టారు. అప్పుడెలాగూ టీవీలోనే చూశాం, ఇప్పుడైనా తీరిగ్గా లెక్క రాద్దామని రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొన్నాను. ఒట్టి స్కోరు చూస్తే టీమ్ ఎలా ఆడిందో తెలీదు. ఒకటి–సున్నాతో గెలిచిన రోజున కూడా అవతలివాళ్ళు మన గోల్‌కీపర్ ముందు సగం సాయంత్రం తచ్చాడి ఉండొచ్చు. అందుకని, గోలు కొట్టడానికి వీలు చిక్కిన ప్రతిసారీ ఒక వరస రాస్తున్నాను. నిమిషం, ఎవరు, ఎక్కణ్ణుంచి, కాలా తలా, చివరికి ఏమైంది. ఎడమ పేజీ మనది, కుడి పేజీ వాళ్ళది. పైన ‘అవకాశాలు’ అని పెద్దక్షరాలతో రాసి కింద గీత కూడా కొట్టాను.

మూడు మ్యాచ్‌లయ్యాక మా అమ్మాయి (తొమ్మిదో తరగతి) నోట్‌బుక్ తిరగేసి, “నాన్నా, మన స్ట్రైకర్ ఓగ్బెచే గోలు కొట్టాడు కదా, ఆ వరస ఏదీ?” అంది. వెతికితే నిజంగానే లేదు. అది ఒక్కటే కాదు, పడ్డ గోలు ఏదీ రాయలేదు. మూడు ఆటల్లోనూ పోయినవే రాసుకుంటూ వచ్చాను.

ఎందుకిలా అయిందని ఆలోచిస్తే నాకు తట్టింది ఇది: మన క్రీడా పేజీల్లో ‘అవకాశం’ పక్కన వచ్చే క్రియలు చూడండి. చేజారింది, జారవిడిచాడు, వృథా చేసుకున్నారు. గోలు పడిందంటే దాని పేరు మారిపోతుంది. పెళ్ళి కుదిరేదాకా ‘సంబంధం’, కుదిరాక ‘అల్లుడు’ అన్నట్టు. దీంతో లెక్క పాడవుతోంది. “ఎనిమిది అవకాశాలు, రెండు గోల్స్” అని రాస్తే అది ఎనిమిదిలో రెండా, పదిలో రెండా? పడినదానికీ పోయినదానికీ సమానంగా పనికొచ్చే తెలుగు మాట ఏదైనా ఉందా?

గుంటూరు నుంచి, బడి మాస్టారు (రిటైర్డ్):

నాయనా, మాట మీద నింద మోపే ముందు ఇంకో రెండు వాడుకలు కూడా చూడు. ‘అవకాశాన్ని సద్వినియోగం చేసుకున్నాడు’, ‘అందివచ్చిన అవకాశాన్ని ఒడిసి పట్టుకున్నాడు’. ఇవీ పత్రికల భాషే. కాబట్టి పోయినదే అవకాశం అనడం చెల్లదు. నీ కళ్ళు పోయినవాటి మీదే ఉన్నాయి, అంతే.

అసలు సంగతి వేరే ఉంది. సంస్కృతంలో అవకాశం అంటే మొదటి అర్థం చోటు, ఖాళీ జాగా. ‘ఆకాశం’లో ఉన్న ‘కాశ’మే ఇక్కడా ఉంది. రెండింటికీ ఉపసర్గ ఒక్కటే తేడా. ఆ పాత అర్థం మనం పూర్తిగా వదులుకోలేదు. ‘సావకాశంగా రండి’ అంటాం చూడు, అది స–అవకాశం. అంటే జాగా ఉన్నట్టు, ఇరుకు లేనట్టు. నాకు ఫుట్‌బాల్ అంతంత మాత్రం, కానీ ఆ ఆటలో దొరకాల్సిందీ ఖాళీ జాగాయే కదా? అలాంటప్పుడు మాట సరిగ్గానే కుదిరింది.

నాకు కోపం వచ్చేది ‘గోల్స్’ మీద. ‘గోలు’ అని చక్కగా తెలుగు చేసుకుని, బహువచనానికి మళ్ళీ ఇంగ్లీషు గుమ్మం ఎక్కుతారేం?

కూకట్‌పల్లి నుంచి:

మాస్టారూ, నింద వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఆ ‘గోలు’ని మన పద్ధతిలో బహువచనం చేస్తే ‘గోళ్ళు’ అవుతుంది. “హైదరాబాద్ రెండు గోళ్ళు కొట్టింది” అని రాస్తే మంగలిషాపు వార్త అనుకుంటారు.

కొచ్చి నుంచి:

నేను ఇక్కడ ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది. మా ఆఫీసంతా కేరళ బ్లాస్టర్స్ జనం, ఇప్పుడు నేనూ అంతే, తిట్టుకోకండి. ఈ మాటతో నాకు అయిన అనుభవం చెప్తాను. చేరిన కొత్తలో మ్యాచ్ చూస్తూ మా వాడు గోలు మిస్సయితే పక్కనున్న చేచ్చి (అక్క) “సువర్ణావసరం!” అని నెత్తి కొట్టుకుంది. నాకు అర్థం కాలేదు. బంగారం అవసరం ఏమిటి, ఇప్పుడు? తర్వాత తెలిసింది, మలయాళంలో అవసరం అంటేనే అవకాశం. మనం సువర్ణావకాశం అన్నచోట వాళ్ళు సువర్ణావసరం అంటారు.

పోనీ మన ‘అవకాశం’ వాళ్ళకి లేదా అంటే ఉంది, కానీ దానికి అర్థం హక్కు! మానవ హక్కుల కమిషన్ ఇక్కడ ‘మనుష్యావకాశ కమిషన్’. సమాచార హక్కు ‘వివరావకాశం’. “మా స్ట్రైకర్‌కి మంచి అవకాశం వచ్చింది” అని నేను ఉత్సాహంగా మలయాళంలో చెప్తే, ఆయన ఏదో కోర్టు కేసు గెలిచాడనుకున్నారు.

చెన్నై నుంచి:

చెల్లెమ్మా, మా దగ్గరికి వస్తే ఇంకా తమాషా. అరవంలో అవసరం అంటే తొందర. అవకాశం అంటే వ్యవధి. ‘అవకాశం ఇవ్వండి’ అని అడిగితే గడువు అడిగినట్టు. నాలుగేళ్ళ క్రితం మా నాన్నగారు తెనాలి నుంచి వచ్చి, ఆటోవాడితో “అవసరం లేదు బాబూ” అన్నారు, అంటే ఆటో అక్కర్లేదని. ఆ అబ్బాయి ‘సరే, తొందర లేదుగా’ అని పక్కనే బండి ఆపుకుని నిలబడ్డాడు!

గోలు ముందు నిలబడ్డ ఆటగాడికి మాత్రం మూడు అర్థాలూ ఒకేసారి వర్తిస్తాయి. తెలుగు అవసరం, అరవ అవసరం, మలయాళ అవసరం.

గుంటూరు మాస్టారు:

బాగా చెప్పావమ్మా. సంస్కృత ‘అవసర’మంటే తగిన సమయం, సందర్భం. మలయాళం, హిందీ దాన్ని అలాగే ఉంచుకున్నాయి. మనం ‘సందర్భం వచ్చింది’ దగ్గర మొదలై ‘కావలసి వచ్చింది’ దాకా జరిగాం. అవకాశం జాగాలోంచి పుట్టింది, అవసరం కాలంలోంచి.

సికింద్రాబాద్ నుంచి:

మా దిక్కు ఈ రెండూ అనం. ‘మోక’ అంటం. “మోక దొరికితె ఇడిసిపెట్టొద్దు” అని మా నాయిన అనేటోడు. ఆయన చిన్నప్పుడు కోచ్ రహీం సాబ్ తయారుజేసిన సిటీ పోలీస్ టీమ్ ఆట కళ్ళార చూసిండు. 1950 నుంచి 54 దాక వరసగ ఐదు రోవర్స్ కప్పులు గెల్చిన టీమ్ అది. మాస్టారు జాగా అన్నరు గద, ఈ మోక గూడ జాగ మాటే. ఉర్దూల మౌకా, అరబ్బీ నుంచి వచ్చింది, అసలు అర్థం ఫలానా చోటు. ఇప్పటికీ ఉర్దూ పేపర్ల నేరం జరిగిన చోటును ‘మౌకా–ఎ–వారదాత్’ అని రాస్తరు. ఆ చోట్ల ఉన్నోడికే మోక.

అవనిగడ్డ దగ్గర్నుంచి:

‘అదను’ని అందరూ మర్చిపోయారేమండీ? మాకు అదను–పదును రోజువారీ మాటలు. విత్తనాలకి అదను, దుక్కికి పదును. అదను తప్పితే ఎంత మంచి చేను అయినా దండగే. ఫుట్‌బాల్లోనూ అంతేగా? జాగా ఉంది, బంతి అర సెకను ఆలస్యంగా వదిలారు, అప్పటికి ఆఫ్‌సైడ్. జాగా ఉంది గానీ అదను లేదు.

హైదరాబాద్, ఇంకొకరు:

ఇంత రామాయణం ఎందుకన్నా, ‘ఛాన్స్’ అని రాసేస్తే పోదా? ఆ మాట రానివాళ్ళెవరు తెలుగులో?

కూకట్‌పల్లి నుంచి:

తమ్ముడూ, మొదట అదే రాశాను. మా అమ్మాయి “కృష్ణానగర్ డైరీనా?” అంది. సినిమావాళ్ళు ఆ మాటని పూర్తిగా ఆక్రమించేశారు. పైగా ‘ఛాన్సే లేదు’ అన్నప్పుడు దానికి ఇంకో అర్థం.

స్విండన్, ఇంగ్లండ్ నుంచి:

నేనుండే ఊరి పేరు చూసి నవ్వకండి, ఈ లెక్కల పిచ్చి మొదలైంది ఇక్కడే. 1950 మార్చి 18న స్విండన్ టౌన్, బ్రిస్టల్ రోవర్స్ ఆట. చార్ల్స్ రీప్ అని వైమానిక దళంలో అకౌంట్స్ అధికారి, మొదటి సగమంతా ఆట చూసి విసిగిపోయి, విరామంలో జేబులోంచి పెన్సిల్, నోట్‌బుక్ తీశాడు. రెండో సగంలో స్విండన్ ఎన్నిసార్లు దాడికి వెళ్ళిందో గుర్తులు వేశాడు, 147 వచ్చాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు అదే పని. రాత్రి మ్యాచ్‌లకి గని కార్మికుల హెల్మెట్ లైటు పెట్టుకుని మరీ రాసేవాడట.

అంత రాసీ ఆయన పడ్డ గుంట మీ గుంటే, తిరగేసి. గోల్స్‌లో దాదాపు 80 శాతం మూడు పాస్‌లు, అంతకన్నా తక్కువలోనే పడుతున్నాయని చూసి, పొడుగు బంతులు కొడితే మంచిదని తేల్చాడు. కానీ ఆటలో జరిగే కదలికల్లో అంతకన్నా ఎక్కువ శాతం మూడు పాస్‌ల లోపే తెగిపోతాయి. మరి పడినవీ వాటిలోంచే పడతాయి. ఆయన పడినవాటిని పట్టుకుని పోయినవాటిని వదిలేశాడు. మీరు పోయినవి పట్టుకుని పడినవి వదిలేశారు.

ఇప్పుడు ఎక్స్‌జీ (ఎక్స్‌పెక్టెడ్ గోల్స్) అని ఒకటి వాడుతున్నారు కదా. పాతకాలపు వేలకొద్దీ షాట్లు దగ్గర పెట్టుకుని, ఇంత దూరం, ఇంత కోణం, కాలు లేదా తల, ఇలాంటి షాటు నూటికి ఎన్ని గోలవుతాయి అని ప్రతి షాటుకీ ఒక విలువ ఇస్తారు. అన్నీ కలిపితే ఆ టీమ్‌కి ఎన్ని గోల్స్ రావాలో వస్తుంది. పడినా పోయినా విలువ అదే, కాబట్టి మీరడిగిన సమానత్వం అందులో ఉంది. దాన్ని తెలుగులో ఏమనాలో చెప్పండి. ‘ఆశించిన గోల్స్’ అని ఎక్కడో చూశాను, నాకు నచ్చలేదు.

అవనిగడ్డ దగ్గర్నుంచి:

‘రావాల్సిన గోల్స్’ అనొచ్చుగా.

గుంటూరు మాస్టారు:

రావాల్సినవి అంటే బాకీ అయిపోతుంది. ఎవరో ఎగ్గొట్టినట్టు. ‘ఆశించిన’ అంటే ఎవరు ఆశించారు అనే ప్రశ్న వస్తుంది. అభిమాని ఆశకి హద్దుందా? మనకి ‘తగు’ అనే మంచి సహాయక్రియ ఉంది. చూడదగ్గ, చెప్పుకోదగ్గ. అలాగే ‘రాదగ్గ గోల్స్’. బాకీ లేదు, ఆశా లేదు.

కొచ్చి నుంచి:

‘రాదగ్గ’ బాగుంది మాస్టారూ. కానీ ఆ విలువలు 0.76, 0.04 అని దశాంశాల్లో చదువుతుంటే నిద్రొస్తుంది.

సికింద్రాబాద్ నుంచి:

దశాంశాలు ఎందుకు బిడ్డా. పావు, అర, ముప్పావు లేవా? పెనాల్టీ అంటే నాలుగుట్ల మూడు పడ్తయి. అది ముప్పావు. మన పాత లెక్కల వీసం ఉండె, పదహారో వంతు. గోలు ముందల గీసిన బాక్స్ అవతలి నుంచి కొట్టినవి శానమట్టుకు వీసం లోపలే.

స్విండన్ నుంచి:

పెద్దాయనా, దండం. ‘వీసమెత్తు’ అని రోజూ అంటాం గానీ వీసం ఇలా అక్కరకొస్తుందని అనుకోలేదు. అయితే ఒక లోటు మిగిలింది. ఎక్స్‌జీ షాటు కొడితేనే లెక్కిస్తుంది. పక్క నుంచి కొట్టిన క్రాస్ గోలు మొహం ముందునుంచి పోయింది, స్ట్రైకర్ కాలు బెత్తెడు దూరంలో అందలేదు. షాటు లేదు కాబట్టి విలువ సున్నా. కళ్ళతో చూసినవాడికి అది సున్నా ఎలా అవుతుంది?

కూకట్‌పల్లి నుంచి:

అదిగో, నోట్‌బుక్ రాసేవాడికి ఇంకా పని ఉంది! అలాంటి వాటికి ‘సందు’ అని పెట్టుకుంటున్నాను. సందు దొరికింది, దూరలేకపోయాడు.

నిన్న రాత్రి కూర్చుని గళ్ళు మళ్ళీ గీశాను. పైన ‘అవకాశాలు’ అలాగే ఉంచాను, మాస్టారి జాగా అర్థంలో. దాని కింద ‘షాటు’, ‘సందు’ రెండు గళ్ళు. షాటు పక్కన విలువ, సికింద్రాబాద్ పెద్దాయన కొలతల్లో. గోలు పడితే అదే వరసకి సున్నా చుట్టడం, వేరే చోట రాయకపోవడం. మొదటి మూడు మ్యాచ్‌లూ మళ్ళీ చూడాలి, అది నా పాపం. ‘అదను’కి గడి దొరకలేదండీ అవనిగడ్డవారూ, దాన్ని ఎలా కొలవాలో చెప్తే పెడతాను.

కొత్త గళ్ళలో పరీక్షగా ఫైనల్ రాశాను. 2022 మార్చి 20, ఫతోర్డా, కేరళతో. 68వ నిమిషంలో వాళ్ళ రాహుల్ కేపీ దూరం నుంచి కొట్టింది మన గోల్‌కీపర్ కట్టిమణి చేతులకి తగిలి లోపలికి పోయింది. మా అమ్మాయే పెన్సిల్ పట్టుకుంది. ‘వీసం’ అని రాసి సున్నా చుట్టింది. 88లో మన సాహిల్ తవోరా బాక్స్ బయటి నుంచి గాల్లోనే అందుకుని కొట్టాడే, అదీ వీసమే, దానికీ సున్నా. ఆ రోజు మ్యాచ్‌లో పడిన గోల్స్ రెండే, రెండూ వీసాలే. ఎడమ పేజీలోనూ కుడి పేజీలోనూ వీటికంటే పెద్ద విలువలున్న వరసలు సున్నా లేకుండా పడి ఉన్నాయి.

కొచ్చి నుంచి:

ఒకటి–ఒకటితో సమమయ్యాక పెనాల్టీల షూటౌట్ జరిగింది కదా, అది రాయలేదేం?

కూకట్‌పల్లి నుంచి:

షూటౌట్‌కి వేరే పేజీ. కట్టిమణి మూడు ఆపాడు. మూడు ముప్పావులు, అంటే రెండుంపావు గోల్స్ ఒక్కడే మింగేశాడు.

కొచ్చి నుంచి:

ఆ పేజీ నాకు పంపకండి. మూడు–ఒకటి అని ఇక్కడ ఎవరూ నోటితో అనరు. ఆ 88వ నిమిషం వీసం లేకపోతే మీకు ఆ పేజీయే ఉండేది కాదు.