డక్ట్‌లో గేట్ వాల్వ్ బిగుసుకుపోయింది, గట్టిగా తిప్పితే విరుగుతుందా?

నెల్లూరు_టు_మారతహళ్లి:
అందరికీ నమస్తే. బెంగళూరు మారతహళ్లిలో ఒక పాత అపార్ట్‌మెంట్‌లో రెంట్‌కి ఉంటున్నాం. బాత్రూమ్‌లో హెల్త్ ఫాసెట్ దగ్గర యాంగిల్ కాక్ (గోడకి బిగించే చిన్న ట్యాప్) కారుతోంది, రాత్రంతా టప్ టప్ మంటుంటే అమ్మకి నిద్ర పట్టట్లేదు. దాన్ని మార్చాలంటే ముందు నీళ్లు ఆపాలి కదా, డక్ట్‌లో (పైపులు దిగే సందులో) ఎర్ర వీల్ ఉన్న ఇత్తడి గేట్ వాల్వ్ ఉంది, అది ఇటూ కదలట్లేదు అటూ కదలట్లేదు. స్పిండిల్ (వీల్ బిగించి ఉండే కడ్డీ) చుట్టూ తెల్లగా, అక్కడక్కడా పచ్చగా పెచ్చు కట్టేసింది. మాకు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లే, కొత్త బకెట్ కూడా నెల తిరిగేసరికి తెల్లగా అయిపోతుంది. పైపులు సీపీవీసీ, అంటే ప్లాస్టిక్‌వే. వాచ్‌మన్ పెద్ద పైప్ రెంచ్ తెచ్చి తిప్పేద్దాం అంటున్నాడు, ప్రస్తుతానికి ఆపాను. డబ్ల్యూడీ-40 కొడితే వస్తుందా? ఓనర్‌ని అడిగితే "చిన్న పనే కదా మీరే చూసుకోండి" అన్నాడు.

కడప_కేఆర్‌పురం:
రెంచ్ వద్దన్నావు చూడు, మంచి పని చేసినావు బ్రో. వాల్వ్ ఇత్తడిదే కానీ అటూ ఇటూ ఉండేది ప్లాస్టిక్ పైపు, నువ్వు వీల్ మీద బలం పెడితే ఆ బలమంతా జాయింట్ మీదికి పోతుంది, అది గనక పగిలిందంటే డక్ట్‌లో నీళ్లు ఆపేవాడు ఉండడు. తిప్పేటప్పుడు ఒక స్పానర్‌తో వాల్వ్ బాడీని కదలకుండా పట్టుకోవాల, ఇంకో చేత్తో వీల్ తిప్పాల. ముందు పెచ్చు సంగతి చూడు. పాత గుడ్డని వెనిగర్‌లో తడిపి స్పిండిల్‌కి చుట్టి పైన కవర్ కట్టేయ్, వెనిగర్ లేకుంటే నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్లలో కలుపుకో. రెండు మూడు గంటలయ్యాక కడిగేసి పాత టూత్ బ్రష్‌తో రుద్దు. తర్వాత స్పిండిల్ బయటికొచ్చే కాడ చిన్న నట్టు ఉంటుంది, గ్లాండ్ నట్, దాన్ని కొంచెం లూజ్ చెయ్, కొద్దిగా నీళ్లు కారతాయి, భయపడొద్దు. ఇప్పుడు వీల్‌ని మూసేవైపే తిప్పాలని పట్టు పట్టకుండా కొంచెం ఇటు, కొంచెం అటు, మళ్లీ ఇటు, అట్లా ఆడిస్తా ఉండు. ఓపిక కావాల. డబ్ల్యూడీ-40 అయితే ఎగజల్లొద్దు, కొన్ని ఆయిల్స్ సీపీవీసీకి పడవు, పైపు క్రాక్ ఇస్తుంది.

టెర్రస్_మీద_ట్యాంక్:
ఇదంతా ఎందుకండి అసలు? ఓవర్‌హెడ్ ట్యాంక్ నుంచి దిగే ప్రతి లైన్‌కీ మామూలుగా టెర్రస్ మీద ఒక వాల్వ్ ఉంటుంది. మీ లైన్ ఏదో ప్లంబర్‌కో వాచ్‌మన్‌కో తెలుసు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో "పదకొండు నుంచి అరగంట నీళ్లు రావు" అని ఒక మెసేజ్ పెట్టండి, ఎందుకంటే అదే లైన్ మీద కింద పైన ఫ్లాట్లు కూడా ఉంటాయి, ఎవరో ఒకరు స్నానంలో సబ్బుతో ఇరుక్కుని మీ ఇంటికొస్తారు. గీజర్ ఆఫ్ చేయండి, పైన వాల్వ్ కట్టేసి, బాత్రూమ్‌లో కింది ట్యాప్ తిప్పి లైన్ ఖాళీ చేయండి, యాంగిల్ కాక్ మార్చేయండి. డక్ట్‌లో వాల్వ్‌ని ముట్టుకోనే అక్కర్లేదు. ఒక్కటే, యాంగిల్ కాక్ కూడా అదే నీళ్లలో నానింది కదా, అదీ బిగుసుకునే ఉంటుంది, గట్టిగా మెలిపెడితే గోడలో ఉన్న ఎల్బో కదులుతుంది, ఇక టైల్స్ పగలగొట్టాలి.

కడప_కేఆర్‌పురం:
ఈ రోజుకి పని జరుగుతుంది అన్నా, నిజమే. రేపు ఎప్పుడో రాత్రి రెండింటికి పైపు పగిలితే టెర్రస్ తాళం ఎవరి దగ్గరుంది అని వెతుక్కోవాల. ఇంట్లో వాల్వ్ పనిచేసి తీరాల.

టెర్రస్_మీద_ట్యాంక్:
అదీ నిజమేలెండి. అయితే పైన ఎలాగూ నీళ్లు కడతారు కాబట్టి అదే అరగంటలో వాల్వ్‌ని కూడా ఆడించి చూడండి, లోపల ప్రెషర్ లేకపోతే కాస్త ఈజీగా కదులుతుంది.

అద్దె_బతుకు:
ఓనర్ మాట వినకండి. డక్ట్‌లో వాల్వ్ ఇంటి ఫిట్టింగ్, మనం పోయేటప్పుడు పట్టుకుపోయేది కాదు. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, ప్లంబర్ బిల్లు రెంట్‌లో తగ్గించుకుంటానని ముందే రాయించుకోండి. మా ఓనరైతే బల్బు పోయినా మనదే అంటాడు, అది వేరే కథ.

నెల్లూరు_టు_మారతహళ్లి:
థాంక్యూ అందరికీ. టెర్రస్ వాల్వ్ కట్టించి యాంగిల్ కాక్ మార్పించేశాం. గేట్ వాల్వ్ కూడా వెనిగర్ పెట్టి ఆడిస్తే కదిలింది, మొత్తం మూసుకుంటోంది కూడా. కానీ ఇప్పుడు స్పిండిల్ దగ్గర సన్నగా చెమ్మ వస్తోంది. వాల్వ్ పోయినట్టేనా?

కడప_కేఆర్‌పురం:
పోలేదు బ్రో. లోపల స్పిండిల్ చుట్టూ నీళ్లు కారకుండా ఉండే ప్యాకింగ్ ఎండి గట్టిపడి ఉంటుంది, కదిలిస్తే కారుతుంది. లూజ్ చేసిన గ్లాండ్ నట్‌ని కొంచెం కొంచెంగా బిగిస్తా పో, చెమ్మ ఆగినాక ఇంకొద్దు, మరీ బిగిస్తే వీల్ మళ్లీ తిరగదు. అయినా కారుతుంటే పైన నీళ్లు కట్టి, ఆ నట్టు విప్పి స్పిండిల్ చుట్టూ టెఫ్లాన్ టేప్‌ని దారం లాగా మెలిపెట్టి చుట్టి బిగించు. వీల్ ఊరికే గిర్రున తిరుగుతా నీళ్లు మాత్రం ఆగకుంటే అప్పుడు పోయినట్టు, లోపల గేట్ స్పిండిల్ నుంచి ఊడిపోయి ఉంటుంది. అప్పుడు మార్చాల్సిందే, మారిస్తే ఇత్తడి బాల్ వాల్వ్ వేయించు, ప్లాస్టిక్‌ది వద్దు, దాని హ్యాండిల్ చేతికి ఊడొస్తుంది. సొల్యూషన్ (పైపులు అతికించే జిగురు) పూసిన జాయింట్ ఆరకముందే ప్లంబర్ నీళ్లు వదిలి డబ్బులు తీసుకుని పోతాడు, డబ్బా మీద రాసిన టైమ్ అయ్యేదాకా వదలనీయొద్దు.