డీపీఎఫ్ (డీజిల్ పొగలో మసిని ఆపే ఫిల్టర్) లైటు వెలిగి 11 రోజులైంది, ఆ ఫిల్టర్నే పీకించేయమంటున్నారు. ఏం చేయమంటారు?

వంశధార_గట్టు (నరసన్నపేట):

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

నాది నరసన్నపేటలో బట్టల కొట్టు. ఇల్లు జలుమూరు రోడ్డులో. కొట్టుకీ ఇంటికీ నాలుగు కిలోమీటర్లు. పొద్దున్న వెళ్ళడం, మధ్యాహ్నం భోజనానికి రావడం, మళ్ళీ వెళ్ళడం, రాత్రి రావడం. మొత్తం రోజుకి 16 కిలోమీటర్లు. నెలకోసారి సరుకు కోసం విశాఖపట్నం వెళ్తాను కానీ ఈమధ్య అది కూడా రైల్లోనే.

బండి 2021 మోడలు, డీజిల్, మాన్యువల్ గేరు. పోయిన దసరాకి సెకండ్ హ్యాండులో తీసుకున్నాను, అప్పటికి 46 వేలు తిరిగింది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే తప్పు బండిదో నాదో ఇంకా తేలలేదు. ఇంత తక్కువ తిరుగుడికి డీజిల్ ఎందుకు కొన్నావని అడుగుతారని తెలుసు. మా నాన్న డీజిల్ అంబాసిడర్ నడిపాడు. మా ఇంట్లో డీజిల్ అంటే ఒక నమ్మకం. పైగా ఎత్తుగా ఉన్న బండి కొట్టు ముందు నిలబడితే ఒక లెక్క. దాచుకోవడం దేనికి.

నెలన్నర కింద మొదలైంది. ఇంటి గేటు దగ్గర ఇంజను ఆపేసినా ముందు ఫ్యాను గుయ్యిమని తిరుగుతూనే ఉండేది. ఒక్కోసారి ఐడిల్ (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజను తిరిగే వేగం) కూడా 800 నుంచి 1000 దగ్గరికి పోయేది. ఏదో కాలిన వాసన. ఎండలకి అనుకున్నాను. తర్వాత పసుపు లైటు వచ్చింది, డబ్బాలో చుక్కలు పెట్టినట్టుండే బొమ్మ. ఇవాళ్టికి 11 రోజులు. బండి మాత్రం నడుస్తోంది, లాగుడు కొంచెం మందగించింది.

ఇంకో వింత. మొన్న డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిలు పై గీత దాటి బొటనవేలు వెడల్పు పైకి ఉంది. అయిదు నెలల కింద సర్వీసులో సరిగ్గా గీత దాకానే పోయించాను, నా కళ్ళతో చూశాను. తగ్గలేదు కదా అని సంతోషించి ఇంట్లో చెబితే మా ఆవిడ, “ఎక్కడైనా ఆయిలు ఈనుతుందా?” అంది. అప్పటి నుంచి టెన్షన్.

ఒక సర్వీస్ సెంటర్లో చూపించాను. కంప్యూటరు పెట్టకుండానే, “ఫిల్టర్ పోయింది సార్, మార్చాలి, లక్షా నలభై వేలు” అన్నారు. బయటి మెకానిక్ ఒకాయన, “లోపలి గుల్ల అంతా కొట్టేసి, లైటు రాకుండా సాఫ్ట్‌వేర్ మార్చేస్తాను, 18 వేలు ఇవ్వండి, జన్మలో ఇక గొడవ ఉండదు” అన్నాడు. నిజం చెప్పాలంటే మనసు 18 వేల వైపే ఉంది. ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

సాలూరు_లారీబాబు:

తమ్ముడూ, ముందు మాట: పీకించకు.

మాది సాలూరు. జిల్లా మారి మన్యంలోకి వెళ్ళిపోయినా నోటికి ఇంకా విజయనగరం అనే వస్తుంది, అది వేరే సంగతి. మా వీధిలో మనుషుల కంటే లారీల గురించి ఎక్కువ మాట్లాడుకుంటారు. 2020 ఏప్రిల్లో బీఎస్6 (బళ్ళ పొగ మీద కొత్త కాలుష్య నిబంధనలు) వచ్చాక మా వాళ్ళూ ఈ ఫిల్టర్ల గురించి గోల పెట్టినవాళ్ళే. నాకు లారీతో పాటు ఇంట్లో నీలాంటి డీజిల్ బండే ఒకటుంది, కాబట్టి రెండు వైపులా తెలుసు.

డీపీఎఫ్ అంటే ఏమీ లేదు, పొగ వెళ్ళే దారిలో పెట్టిన జల్లెడ. మసి అందులో ఆగిపోతుంది. ఆగిన మసి ఎక్కడికి పోవాలి? అక్కడే కాలిపోవాలి. కాలాలంటే గొట్టం బాగా కాగాలి. నాలుగు కిలోమీటర్లకి ఇంజనే సరిగ్గా కాగదు, ఇంక గొట్టం ఏం కాగుతుంది? జల్లెడకి ముందు ఎంత ప్రెజర్ ఉంది, వెనక ఎంత ఉంది అని సెన్సార్ చూస్తుంటుంది. తేడా పెరిగిందంటే నిండుతున్నట్టు లెక్క. అప్పుడు కంప్యూటరే కొంచెం డీజిల్ అదనంగా వేసి, సుమారు 600 డిగ్రీల వేడి తెచ్చి మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజెన్ అంటారు. నువ్వు చెప్పిన ఫ్యాను, పెరిగిన ఐడిల్, కాలిన వాసన, అన్నీ అదే. బండి పాపం తన పని తాను చేసుకుంటుంటే ఇల్లొచ్చిందని నువ్వు తాళం తిప్పేశావు. అన్నం సగం ఉడికాక కింద మంట లాగేసినట్టు. రోజూ అదే.

మాకు ఈ బాధ లేదు. సుంకి వైపు ఘాట్ ఒకసారి ఎక్కితే చాలు, జల్లెడ దానంతట అదే శుభ్రం అయిపోతుంది.

పీకించడం గురించి: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన బండిని మన ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. రేపు ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాడు దీన్నే పట్టుకుంటాడు. అమ్ముదామంటే తెలిసినవాడు కొనడు. వెనక వచ్చే బైకువాడి ముఖాన ఆ మసి కొట్టడం సరే సరి.

రేపు తెల్లారగట్ల బేగి లేచి హైవే ఎక్కు. నాలుగో గేరులో 60, 70 మధ్య అరగంట ఆపకుండా తోలు. ట్యాంకులో డీజిల్ పావు వంతు కంటే ఎక్కువ ఉండాలి, తక్కువ ఉంటే చాలా బళ్ళలో రీజెన్ మొదలే కాదు. లైటు అదే పోతుంది.

పెట్రోలే_మేలు (శ్రీకాకుళం):

లెక్క చూసుకోండి. నెలకి 500 కిలోమీటర్లు. డీజిల్ లీటరుకి 14 ఇచ్చిందనుకున్నా 36 లీటర్లు, 97 చొప్పున మూడున్నర వేలు. పెట్రోలు బండి 10 ఇస్తే 50 లీటర్లు, 109 చొప్పున దాదాపు అయిదున్నర వేలు. నెలకి మిగిలేది రెండు వేలు, ఏడాదికి 24 వేలు. ఒక్కసారి ఆ ఫిల్టర్ మారిస్తే ఆరేళ్ళ మిగులు హాంఫట్. అమ్మేయండి.

నాగావళి_నీరు (విజయనగరం):

లారీబాబు గారు చెప్పినదంతా నిజమే, చివరి పేరా తప్ప. వంశధార గారూ, దయచేసి రేపు పొద్దున్నే హైవే ఎక్కకండి!

ఆయిలు గీత దాటి పెరిగిందని మీరే రాశారు. అదే అసలు సంగతి, అందరూ లైటు మీద పడి దాన్ని వదిలేశారు. రీజెన్ కోసం అదనంగా వేసిన డీజిల్ మధ్యలో ఆగిన ప్రతిసారీ కొంత సిలిండర్ గోడల వెంట జారి కింద ఆయిల్లో కలుస్తుంది. మీ ఇంజన్లో ఇప్పుడున్నది ఆయిలు కాదు, ఆయిలూ డీజిలూ కలిసిన చారు. అది పలచబడితే టర్బోకి, బేరింగులకి పట్టు ఉండదు. ఆ చారుతో అరగంట 70లో తోలితే లక్షా నలభై వేలు కాదు, ఇంజనే చేయించుకోవాలి. డిప్‌స్టిక్ తీసి వేళ్ళ మధ్య రుద్ది వాసన చూడండి, తెలిసిపోతుంది.

వరస ఇదీ. ముందు ఆయిలు, ఆయిల్ ఫిల్టరు మార్పించండి. మాన్యువల్లో ఏ గ్రేడు రాసి ఉందో అదే. డీపీఎఫ్ ఉన్న బళ్ళకి బూడిద తక్కువ వచ్చే ఆయిలు వేరే ఉంటుంది, డబ్బా మీద సీ2, సీ3 లాంటి గుర్తు ఉంటుంది. కొట్టువాడు “ఏదైనా ఒకటే సార్” అంటాడు, వినకండి. మసి కాలిపోతుంది కానీ ఆయిలు వల్ల వచ్చే బూడిద కాలదు, జల్లెడలో శాశ్వతంగా కూర్చుంటుంది. తర్వాత ఎవరి దగ్గరైనా స్కానరు పెట్టించి మసి ఎంత శాతం నిండిందో చూడండి. పసుపు లైటు ఒక్కటే ఉంటే హైవే ఎక్కండి. దాంతోపాటు ఇంజను లైటు కూడా వచ్చినా, బండి పరుగు దానంతట అదే తగ్గించుకున్నా మీరు ప్రయత్నించకండి, సర్వీస్ సెంటర్లోనే మెషిన్ పెట్టి కాల్పించాలి. అదీ కుదరకపోతేనే మార్చడం మాట.

నేను విజయనగరం నుంచి పార్వతీపురం రోజూ వెళ్ళి వస్తాను, బ్యాంకు ఉద్యోగం. రానూపోనూ 150 పైనే. లక్ష దాటింది, ఆ పసుపు లైటు ఇంతవరకు నా కంట పడలేదు. మా ఆయనకి అదే కంపెనీ బండి ఇచ్చి ఊళ్ళో తిప్పమంటే మూడు నెలల్లో మీలాగే పోస్టు పెడతారు.

సాలూరు_లారీబాబు:

మేడమ్ చెప్పిందే రైటు. ఆయిలు ముక్క నేను చదివాను గానీ బుర్రకి ఎక్కలేదు. తమ్ముడూ, ముందు ఆయిలు.

ఇంకొకటి, నీ బండికి ఆడ్‌బ్లూ (పొగ శుద్ధి కోసం వేరే ట్యాంకులో పోసే ద్రవం) పోస్తారా? పోసేదైతే సీలున్న డబ్బాదే పొయ్యి. అది 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధి చేసిన నీరు. మా దగ్గర ఒకాయన యూరియానే కదా అని వరికి తెచ్చిన బస్తాలోంచి తీసి బోరు నీళ్ళలో కలిపి పోశాడు. లారీ పది రోజులు షెడ్డులో ఉంది. చేలో వరి మాత్రం బాగా పండింది.

గార_ఉప్పుగాలి:

సంబంధం లేని మాటే, అయినా చెప్తాను. సముద్రం దగ్గరికి తీసుకెళ్తే వచ్చాక బండి కింద మంచినీళ్ళు కొట్టించండి. పైన పెయింటు మెరుస్తుంటుంది, కింద సైలెన్సర్ బ్రాకెట్లు అప్పడాల్లా అయిపోతాయి. నా బండికి నాలుగేళ్ళకే అయ్యాయి.

వంశధార_గట్టు:

మూడు వారాలు మాయమైనందుకు క్షమించండి. పెళ్ళిళ్ళ సీజను, కొట్టు వదిలే వీల్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మేడమ్ చెప్పిన రోజు రాత్రే డిప్‌స్టిక్ తీసి వాసన చూశాను. చూడక్కర్లేదు, బయటికి తీయగానే డీజిల్ బంకు ముందు నిలబడినట్టుంది. మర్నాడు శ్రీకాకుళంలో తెలిసిన కుర్రాడి షెడ్డులో ఆయిలు దింపించాను. అయిదు లీటర్లు పోసిన ఇంజన్లోంచి ఆరు లీటర్ల దగ్గరగా వచ్చింది. కొలిచి మరీ చూశాం. ధారగా కాదు, నీళ్ళలా పడింది. కుర్రాడు వేలు ముంచి, “అన్నా, దీంతో దీపం పెట్టుకోవచ్చు” అన్నాడు. సీ3 ఆయిలు, ఫిల్టరు వేశాం. స్కానర్లో మసి 81 శాతం చూపించింది. ఇంజను లైటు లేదు కాబట్టి ధైర్యం చేశాను.

ఆదివారం రాత్రి ట్యాంకు సగం పైన నింపి, సోమవారం తెల్లారగట్ల అయిదింటికి బయల్దేరుతుంటే అమ్మ లేచింది. ఎక్కడికిరా అంటే టెక్కలి దాకా ఊరికే అన్నాను. ఊరికే ఎవడైనా టెక్కలి వెళ్తాడా, సోమవారం కదా, రావివలస ఎండల మల్లన్న దగ్గరికి నన్నూ తీసుకెళ్ళు అంది. సరే అన్నాను. స్నానం చేసి చీర కట్టుకుని వచ్చేసరికి ఆరు.

హైవే ఎక్కి నాలుగో గేరులో 70 దగ్గర పెట్టాను. పది నిమిషాలు ఏమీ లేదు. కోటబొమ్మాళి దాటాక మీటర్లో అప్పటికప్పుడు చూపించే మైలేజి 17 నుంచి 9కి పడిపోయింది. లారీబాబు అన్న చెప్పిన వాసన కూడా కొద్దిగా వచ్చింది. అప్పటికి అమ్మకి రోడ్డు పక్కన టీ తాగాలనిపించింది. “ఇప్పుడు ఆపితే మళ్ళీ మొదటికొస్తుందమ్మా” అన్నాను. ఏంటి మొదటికొచ్చేది అంది. జల్లెడ, మసి అంతా చెప్పాను. విని, “మరి కడుపు కాలుతుంటే ఎవరైనా కదిపితే ఊరుకుంటామా, పోనీ” అని సర్దుకు కూర్చుంది. టెక్కలి ఇంకా అయిదారు కిలోమీటర్లు ఉందనగా పసుపు లైటు పోయింది. మైలేజి అంకె మళ్ళీ పైకి లేచింది. నేను అరిచిన అరుపుకి అమ్మ ఉలిక్కిపడి దండం పెట్టుకుంది. అయినా గుడి దాకా ఆపలేదు.

తిరిగి వచ్చాక స్కానర్లో 14 శాతం. లక్షా నలభై వేలు చెప్పిన చోటికి ఇంక వెళ్ళలేదు. పెట్రోలే మేలు గారూ, మీ లెక్కలో తప్పు లేదు. ఇవాళ కొనాల్సి వస్తే మీ మాటే వింటాను. కానీ ఇప్పుడు అమ్మితే వచ్చే నష్టం మీరు లెక్కలో వేయలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం భోజనం క్యారేజీ కొట్టుకే తెప్పించుకుంటున్నాను, కాబట్టి రోజుకి రెండు చల్లని స్టార్టులు తగ్గాయి. గేటు దగ్గర ఫ్యాను మోగుతుంటే ఇంజను ఆపడం మానేసి, అలాగే ఇంకో పదిహేను కిలోమీటర్లు తిప్పి తెస్తున్నాను. వీధిలో వాళ్ళకి నాకేదో అయిందని అనుమానం. డిప్‌స్టిక్ ప్రతి ఆదివారం చూస్తున్నాను, గీత దగ్గరే ఉంది, మా ఆవిడకి కూడా చూపించాను. ప్రతి సోమవారం మల్లన్న దర్శనం తప్పట్లేదు. రానూపోనూ అరవై కిలోమీటర్లు పైనే, ఆ దారిలో మడపాం టోలు తగలదు.

నిన్న అమ్మ, బండికి ఇంత మంచి జరుగుతుంటే ఆదివారాలు అరసవల్లి కూడా పెట్టుకుందామా అని అడిగింది. అరసవల్లి అంటే మడపాం దాటాలి. ఆలోచిద్దాం అన్నాను.